పాలపొడి డబ్బా, జీలుగు బెండు, కొరట్టూరు చెరువు

మద్రాసులో పెరిగానని చెప్పగానే అందరూ మెరీనా గురించి, కాసిమేడు చేపల గురించి అడుగుతారు. సముద్రాన్ని నేను ఎప్పుడో పండక్కీ పబ్బానికీ చూసేదాన్ని. నా చిన్నతనంలోని చేపలన్నీ మంచినీటి చేపలే. అంబత్తూరు చెరువు నిండితే కొరట్టూరు చెరువుకి, కొరట్టూరు నిండితే రెట్టేరికి నీళ్ళు దిగేవి. ఒకదాని కింద ఒకటిగా ఉన్న ఆ చెరువుల గట్ల మీద, ఇంట్లో చేసుకున్న గాలాలతో గడిపిన ఆదివారాల గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇప్పటి పిల్లలు వీడియోలు చూసి, వేలకు వేలు పోస్తే గానీ గాలం వెయ్యడం కుదరదని అనుకుంటున్నారు. అది విన్నప్పుడల్లా నాకు మనసు ఊరుకోదు.

మా నాన్న ఐ.సి.ఎఫ్.లో గుమాస్తా. 1955లో మొదలైన ఆ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో తెలుగువాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. మేం విల్లివాక్కంలో ఒక పాత పెంకుటిళ్ళ కాంపౌండులో అద్దెకుండేవాళ్ళం. ఎనభైల మొదట్లో మా అమ్మ తమ్ముడు సూళ్ళూరుపేట పక్క పల్లె నుంచి వచ్చి, అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ పనికి కుదిరాడు. మకాం మా ఇంట్లోనే. మాకు చినమామ. వారమంతా మెషీన్ ఆయిల్‌తో నల్లగా ఉండే ఆ చేతులు ఆదివారం తెల్లారేసరికి బావి పక్కన తడిమట్టిలో ఎర్రల్ని, అంటే వానపాముల్ని, తవ్వుతూ కనిపించేవి. నన్నూ తమ్ముణ్ణీ సైకిలు ముందొకళ్ళనీ వెనకొకళ్ళనీ కూర్చోబెట్టుకుని చెరువుకి బయలుదేరేవాడు.

"ఆడపిల్లకి గాలమేందిరా?" అని అమ్మ మొదట్లో అడ్డుపడింది.

"పైన కర్ర పట్టుకున్నది ఎవురో చేపకి తెలుస్తాదా అక్కా?" అన్నాడు మామ. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ మా ఇంట్లో రాలేదు.

నా మొదటి కొక్కెం ఆయన నా కళ్ళముందే చేశాడు. లావుపాటి కుట్టుసూదిని పటకారుతో పట్టుకుని, కిరసనాయిలు స్టవ్వు మంటలో ఎర్రగా కాలనిచ్చి, బూడిదలో పెట్టి నిదానంగా చల్లారనిచ్చాడు. అలా చల్లారితే ఉక్కు మెత్తబడి, విరక్కుండా వంగుతుంది. మేకు చుట్టూ వంచి ఆకారం తెచ్చాక, మళ్ళీ ఎర్రగా కాల్చి ఈసారి గబుక్కున నూనెలో ముంచాడు. నీళ్ళలో ముంచితే మరీ పెళుసెక్కి పుటుక్కుమంటుందట. వర్క్‌షాపులో పనిముట్లకు పదును నిలబెట్టే పద్ధతే అది. దారం కట్టుకోవడానికి సూది బెజ్జం ఎలాగూ ఉంది. ముక్కుదాకా సెగ కొడుతున్నా నేను అక్కణ్ణుంచి కదల్లేదు. బట్టలు కుట్టుకునే సూది చేపని పట్టే వస్తువుగా మారిపోవడం నాకు ఆ రోజు ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పటికీ అంతే గొప్పగా అనిపిస్తుంది.

సూది కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండదు. దారం ఒక్క క్షణం వదులైనా చేప జారిపోతుంది. అందుకని, "బిగువు పోనీబాక పాపా, కర్ర పైకెత్తే ఉంచు" అని మామ నా వెనకే నిలబడి చెబుతుండేవాడు. ఆ అలవాటు చేతికి పట్టేసింది. ఇప్పుడు పట్టిన చేపను తిరిగి నీళ్ళలో వదిలేవాళ్ళు, కొన్న కొక్కేలకు ఉన్న ముల్లును కూడా పటకారుతో నొక్కి చదును చేస్తున్నారు. చేప నోరు చీరకుండా తేలిగ్గా ఊడివస్తుంది, మన వేలికి గుచ్చుకున్నా తీయడం సులువు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ పని తప్పకుండా చెయ్యాలని నేను గట్టిగా చెబుతాను.

తర్వాత్తర్వాత మామ రాయపురం, కాసిమేడు వైపు పనిమీద వెళ్ళినప్పుడు ముస్తాద్ కొక్కేలు చిన్న కాగితం పొట్లంలో తెచ్చేవాడు. నార్వే కంపెనీ. వాటిలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. జిలేబి చేపకి, అంటే తిలాపియాకి, పదో నంబరో పన్నెండో, పరిగలకి ఇంకా చిన్నది, కొరమీనుకైతే సున్నా పక్కన గీత ఉండే పెద్ద సైజులు. మా పేట తమిళ పిల్లలు దారాన్ని తంగూసి అనేవాళ్ళు, మేమూ అదే అనేవాళ్ళం. మామ అందులో సన్నదే కొనేవాడు. లావు దారం చేపకి కనిపిస్తుందని, సన్న దారమైతే మన చేతికి మెత్తదనం నేర్పుతుందని ఆయన నమ్మకం.

కర్ర పెళ్ళిపందిళ్ళు వేసేవాళ్ళ దగ్గర తెచ్చిన వెదురు గెడ. కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నదాన్ని ఏరుకోవాలి. దాన్ని ఎండలో పడేస్తే పగులుతుంది కాబట్టి వరండాలో నీడకి నిలువుగా వేలాడదీసి ఆరబెట్టేవాళ్ళం. ఆరాక సన్నటి మంట మీద తిప్పుతూ, వంకర ఉన్నచోట మోకాలికి ఆనించి మెల్లగా వంచితే సాపవుతుంది. చివర వేపనూనె పట్టించడం నా పని. గుడ్డతో ఎంతసేపు రుద్దినా ఇంకా రుద్దాలనిపించేది. వెదురు రంగు తేనెరంగుకి తిరిగేదాకా.

ఇక బెండు, నీటి మీద తేలుతూ చేప ఎర ముట్టిందని చెప్పేది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే గాలం వెయ్యడంలో అసలు చదువంతా బెండులోనే ఉంది. సూళ్ళూరుపేట వైపు కుంటల్లో జీలుగు పెరుగుతుంది. పెళ్ళిళ్ళలో బాసికాలకి వాడే బెండు అదే. మామ ఊరెళ్ళినప్పుడల్లా ఎండిన కాడలు ఒక కట్ట తెచ్చేవాడు. పాత గడ్డం బ్లేడుతో చెక్కితే వెన్నలా తెగుతుంది. చిటికెనవేలంత పొడవు, రెండు కొసలూ సన్నగా చెక్కి, మధ్యలో అగ్గిపుల్ల దూర్చి దారాన్ని బిగించేవాళ్ళం. పై సగానికి అమ్మ గోళ్ళరంగు పూసేవాళ్ళం. అమ్మకి తెలుసు, ఏమీ అనేది కాదు. జీలుగు దొరకనప్పుడు తెగిపోయిన హవాయి చెప్పు ముక్క, లేదా రాలిన నెమలి ఈక కాడ. నెమలి కాడ బెండు పరిగలకి మహా బాగుంటుంది, ఊపిరి తగిలినా వణుకుతుంది.

బెండు కింద కట్టే బరువు సరిగ్గా తూగాలి. ఎక్కువైతే బెండు మునుగుతుంది, తక్కువైతే నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. ఎర్రరంగు కొస మాత్రమే పైకి కనిపించేటట్టు బరువు కుదిర్చితే, చేప ఎరని లాగినప్పుడు దానికి బెండు ఎదురులాగదు. అనుమానం రాక మింగేస్తుంది. దీనికోసం ఇంట్లో బకెట్‌లో నీళ్ళు పెట్టి గంటల తరబడి చూసుకునేవాళ్ళం. బరువుకి సైకిలు నట్లు, సన్నటి సీసం రేకు ముక్కలు. సీసాన్ని పళ్ళతో కొరికి దారానికి నొక్కే అలవాటు గట్టు మీద చాలామందికి ఉండేది. మామ మాత్రం మమ్మల్ని ఎప్పుడూ చెయ్యనివ్వలేదు. సీసం ఒంట్లోకి పోతే మంచిది కాదని ఎవరు చెప్పారో గానీ, సీసం నొక్కడానికి జేబులో చిన్న పటకారు పెట్టుకుని తిరిగేవాడు.

కర్ర లేకుండా దూరం విసరాలంటే పాలపొడి డబ్బా. మా తమ్ముడు తాగిన డబ్బాలే ఇంట్లో బోలెడు. డబ్బా చుట్టూ దారాన్ని ఒకదాని పక్కన ఒకటి వరసగా చుట్టి, కొసకి బరువు, కొక్కెం కట్టాలి. డబ్బా మూతి నీటి వైపు ఉండేట్టు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో బరువుని రెండు చుట్లు తిప్పి వదిలితే, దారం డబ్బా అంచు మీదుగా సర్రుమంటూ వలయాలుగా జారిపోతుంది. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే స్పిన్నింగ్ రీళ్ళలో దారం జారేది కూడా ఇలాగే. అందులోనూ దారం చుట్టిన చుట్ట తిరగదు, అంచు మీదుగా దారం ఊడిపోతుంది. మొదటిసారి కొన్న రీలు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. డబ్బాతో కుస్తీ పట్టినవాళ్ళకి ఆ రీలు ఐదు నిమిషాల్లో లొంగుతుంది.

మా ఎదురింటి తాత పెరంబూరు బి అండ్ సి మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర మిల్లు చెక్క బాబిన్లు కొన్ని ఉండేవి. ఆ నున్నటి కర్రని పట్టుకుంటే చెయ్యి వదలబుద్ధి కాదు. ఒకటి నాకిచ్చాడు. దారం చుట్టుకోవడానికి అంతకన్నా మంచి వస్తువు నేనింతవరకు చూడలేదు. 1996లో మిల్లు మూతపడినప్పుడు తాత అప్పటికే లేడు, బాబిన్ మాత్రం నా పెట్టెలో ఉంది.

ఆ బాబిన్ చూశాకే మామకి రీలు చెయ్యాలని పట్టుదల పుట్టింది. వర్క్‌షాపు ఓనర్ని అడిగి, పారేసే అల్యూమినియం ముక్క ఒకటి తీసుకుని, భోజనాల టైములో కొంచెం కొంచెంగా లేత్ మీద తిప్పాడు. చక్రంలాంటి రీలు, మధ్యలో సైకిలు హబ్బు బాల్ బేరింగులు, పక్కన తిప్పడానికి రెండు చిన్న గుబ్బలు. లోపల పళ్ళచక్రం ఒకటి, దానికి ఆనుకుని విరిగిన హాక్సా బ్లేడు ముక్క. చేప దారం లాగితే బ్లేడు ఆ పళ్ళ మీద టకటకమంటుంది. ఆ చప్పుడుతో చేప ఎంత వేగంగా పోతోందో చెవితోనే తెలిసిపోతుంది. దారం జారడానికి వెదురు పొడవునా చిన్న పిన్నీసుల్ని వంచి నూలుదారంతో కట్టి, పైన లక్క పూశాడు. ఆ గాలం చూడ్డానికి ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చారు. నాన్న, ఎప్పుడూ చెరువు దాకా రాని మనిషి, ఆ రీలుని అలా ఒళ్ళో పెట్టుకుని బాగా పొద్దుపోయేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

ఎరల సంగతి. ఎర్రలు కొబ్బరిచిప్పలో తడిమట్టి వేసి, పైన అరటాకు ముక్క కప్పి తీసుకెళ్ళేవాళ్ళం. ఎండకి పెడితే నీరసించిపోతాయి, నీరసపడిన ఎర్రని చేప కూడా పట్టించుకోదు. పిండి ముద్దకి మైదా, తవుడు, వేయించి దంచిన వేరుశనగ చెక్క. నీళ్ళలో కరిగిపోకుండా అందులో కొంచెం దూది పోగులు కలిపి పిసికేవాళ్ళం. ఇది మామ చెప్పిన కిటుకుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. దూది కలిపిన ముద్ద కొక్కేన్ని పట్టుకుని కదలదు. మిగిలిన చెక్క పొడిని నానబెట్టి ఉండలు చేసి, గాలం వెయ్యబోయే చోట ముందే విసిరేవాళ్ళం. చేపలు అక్కడ కూడతాయి.

బెండు కదలికని బట్టి కింద ఉన్నది ఎవరో చెప్పడం మా ఆట. జిలేబి అయితే బెండు ముందు గజగజ వణికి, తర్వాత పక్కకి జరుగుతుంది. పరిగలు చిటుకు చిటుకుమని పొడుస్తాయి. ఎర్రమోసు అడుగున మేసే చేప. అది ఎరని ఎత్తుకుని పైకొస్తే బెండు మునగడానికి బదులు ఇంకా పైకి తేలి పక్కకి వాలిపోతుంది. తెలియనివాళ్ళు దాన్ని చూసి చెయ్యి ఆపేస్తారు, అదే లాగాల్సిన క్షణం. బెండు తాపీగా ఒకే వైపు నడిచిపోతుంటే ఎండ్రకాయ. కొరమీను వచ్చిందంటే అలాంటి ముందస్తు కబురేమీ ఉండదు.

మా ఆదివారాల్ని నడిపింది మాత్రం జిలేబి చేపే. ఆఫ్రికా నుంచి వచ్చిన చేప, 1952లో మన దేశంలోకి తెచ్చారు. ఇక్కడి చెరువులన్నిటిలోనూ నిండిపోయింది. దేశవాళీ చేపలకి అది చేసిన చెరుపు పెద్దదే, ఆ విషయం పెద్దయ్యాక చదువుకున్నాను. కానీ గాలం పట్టుకున్న పిల్లలకి దానంత దయగల చేప ఇంకొకటి లేదు. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఒడ్డు పక్కన నేల మీద గుండ్రటి గుంటలు కనిపించేవి. మగచేప తవ్వుకున్న గూళ్ళు అవి. ఆ రోజుల్లో మగచేప ఒళ్ళు నల్లగా మారి రెక్కల అంచులు ఎర్రబడతాయి, గుంట దగ్గరికి ఇంకో మగదాన్ని రానివ్వదు. ఆడచేప గుడ్లని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఒకసారి పట్టిన చేప నోట్లోంచి సన్నసన్న పిల్లలు బయటికి రాలితే మామ వెంటనే దాన్ని నీళ్ళలోకి దించి, నోరు తెరిచి పట్టుకుని, పిల్లలన్నీ దగ్గరికి చేరేదాకా చెయ్యి కదపకుండా ఉన్నాడు. తమ్ముడూ నేనూ ఊపిరి బిగపట్టి చూశాం.

కొరమీను విషయంలో ఆయన ఇంకా కచ్చితం. వానలు పడ్డాక తుంగ మధ్య నీటి మీద ఎర్రటి చుక్కలు గుంపుగా సుడి తిరుగుతుంటాయి. అవి కొరమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ రెండూ కాపలా ఉంటాయి. అలాంటి చోట కప్పపిల్లని ఆడిస్తే పెద్దచేప కోపంతో వచ్చి పట్టేస్తుంది, ఇంత సులువైన వేట ఇంకోటి ఉండదు. "దాని జోలికి పోవద్దు. పెద్దదాన్ని తీస్తే పిల్లలన్నిట్నీ పరిగలే తినేస్తాయి" అని మమ్మల్ని అక్కణ్ణుంచి లేపేసేవాడు. ఈ రోజు కొంతమంది అలాంటి పిల్లల గుంపులు వెతికి మరీ పట్టి ఫొటోలు పెడుతుంటే చూడలేకపోతున్నాను. వీడియోకి ఎంతమంది మెచ్చుకుంటే ఏం, ఒక తరం చేపలు పోయినట్టే.

అన్నిట్లోకీ పెద్ద పండగ అక్టోబరు తర్వాత. మద్రాసుకి ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనంలోనే, అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. రెండు రోజులు ఆగకుండా కురిసిందంటే మామకి వర్క్‌షాపులో మనసు నిలవదు. అంబత్తూరు నుంచి కొత్తనీరు కొరట్టూరు చెరువులోకి దిగే చోట, నీటికి ఎదురీదుతూ చేపలు బారులు కట్టేవి. మామ ఊళ్ళో అలుగుని కలుజు అంటారు, ఇక్కడి వాళ్ళు కలంగల్ అంటారు. ఆ చోట గొడుగు కింద తడుస్తూ నిలబడితే గొరకలు, జెల్లలు, ఒక్కోసారి చెయ్యంత బొమ్మిడాయి. గొరక చేప మొప్పల మీది మూతలతో పాకుతూ గడ్డి మీద కూడా నడుస్తుంది. తరంగంబాడి దగ్గర అది తాటిచెట్టెక్కడం చూశానని 1797లో దాల్డార్ఫ్ అనే డేనిష్ అధికారి రాస్తే శాస్త్రవేత్తలు రెండు శతాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. చెట్టెక్కడం నేను చూడలేదు గానీ, మా సైకిలు చక్రాల మధ్య నుంచి రోడ్డు దాటి పోతుంటే చూశాను.

అలాంటి ఒక వానరోజే తమ్ముడికి ఇంగిలాయి అనే చేప ముల్లు గుచ్చుకుంది. రెక్కల దగ్గర ముల్లులో విషం ఉంటుంది. వాడు గట్టు దద్దరిల్లేలా ఏడ్చాడు. పక్కన టీ అమ్మే ఆయన గ్లాసుడు వేడినీళ్ళు ఇచ్చాడు, ఓర్చుకోగలిగినంత వేడిలో వేలు ముంచి ఉంచితే నొప్పి కాసేపట్లో దిగింది. ఆ విషం వేడికి పనిచెయ్యదని, అదే సరైన ప్రథమచికిత్స అని తర్వాత డాక్టరు గారు కూడా చెప్పారు. ఇంగిలాయి దొరికే చెరువుకి వెళ్ళేవాళ్ళు ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకెళ్ళడం మంచిది.

ఇంటికొచ్చాక చిన్నచేపల్ని అమ్మ బూడిద వేసి గరుకు రాయి మీద రుద్దేది, జిగురంతా పోయేదాకా. పులుసు నెల్లూరు పద్ధతిలో మామిడికాయ వేసి మట్టికుండలో. రాత్రి వండితే పొద్దున్నే అసలు రుచి. మా కాంపౌండులో ప్రతి ఇంటికీ ఒక గిన్నె వెళ్ళేది. ఎక్కువ పడినా ఇంటికి సరిపడా ఉంచుకుని మిగిలినవి వదిలేసేవాళ్ళం. చెరువు చేపలు వేలంలో పాడుకున్న వాళ్ళ మనుషులు పుట్టిలో వచ్చేవాళ్ళు. వాళ్ళు వదిలిన బొచ్చె, శీలవతి పిల్లలు మా గాలానికి పడితే మామ తనే పిలిచి ఇచ్చేసేవాడు. అందుకే మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. రెడ్‌హిల్స్ చెరువు వైపు మాత్రం గాలంతో ఎప్పుడూ వెళ్ళలేదు. ఊరంతటికీ తాగునీళ్ళు అవి.

తర్వాత కొరట్టూరు చెరువు సంగతి తెలిసిందే. మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, గట్ల పక్కన పెరిగిన కట్టడాలు. చచ్చి తేలిన చేపలతో ఒడ్డంతా తెల్లబడిన రోజులు వచ్చాయి. నీళ్ళలో మురుగు ఎక్కువైతే దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ని వాడేస్తాయి. తెల్లవారుజామున అది బాగా పడిపోయి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. నేను ఆ దృశ్యం చూసి రాత్రి అన్నం తినలేకపోయాను. కొరట్టూరు జనం ఊరికే కూర్చోలేదు, చెరువు కోసం కలిసి నిలబడి, పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. వాళ్ళంటే నాకు చెప్పలేనంత గౌరవం. గాలం పట్టేవాళ్ళు ముందు ఆ పనిలో ఉండాలి, ఎందుకంటే నీళ్ళ రంగు, వాసన మారితే అందరికన్నా ముందు తెలిసేది గట్టు మీద గంటల తరబడి కూర్చునేవాళ్ళకే.

చేపలూ మారాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచకూడదని నిషేధం ఉన్నా ఎలా వచ్చిందో చాలా చోట్ల కనిపిస్తోంది. ఒళ్ళంతా కవచంలా ఉండే అక్వేరియం చేప, తొట్టె అద్దానికి అతుక్కుని పాచి తినేది, అది కూడా ఇప్పుడు చెరువుల్లో పెద్దపెద్దగా పెరుగుతోంది. రంగుచేపలకి పేరుపడ్డ కొళత్తూరు మాకు పక్కనే. ఇంట్లో తొట్టె తీసేసేటప్పుడు దయచేసి ఆ చేపల్ని చెరువులో వదలకండి. షాపువాళ్ళకే తిరిగి ఇవ్వండి.

నేనిప్పుడు తమ్ముడి కొడుకుని వెంటబెట్టుకుని వెళుతున్నాను. మత్స్యశాఖ వాళ్ళు 2016లో చేట్‌పట్ చెరువుని పార్కుగా చేసినప్పుడు గాలం వేసుకోవడానికి కూడా చోటు పెట్టారు. ఊరి బయట రుసుము తీసుకుని గాలం వెయ్యనిచ్చే చేపల గుంటలూ ఉన్నాయి. చెరువైతే ముందు అడిగి వెళతాం. వాడికి మడిచే ఫైబర్ కర్ర ఒకటి కొనిచ్చాను, ఐదారు వందలకే వస్తుంది. బాగుంటుంది, బరువు లేదు, మెట్రోలో పట్టుకెళ్ళొచ్చు. కొనడం మీద నాకు కోపమేమీ లేదు. కానీ బెండు మాత్రం వాడే చెక్కుకోవాలని పట్టుబట్టాను. మొదటిది అడ్డంగా పడుకుంది, రెండోది మునిగిపోయింది. బకెట్ ముందు కూర్చుని సీసం రేకు కొంచెం కొంచెం కత్తిరిస్తూ ఎర్రకొస నిలబడేదాకా వాడు కదల్లేదు. ఫోను ఎక్కడ పెట్టాడో కూడా మర్చిపోయాడు.

జీలుగు కాడలు చినమామ పంపినవే. సూళ్ళూరుపేటకి తిరిగి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది, కాళ్ళనొప్పులతో గట్టు ఎక్కలేకపోతున్నాడు. ఆదివారం సాయంత్రం ఫోను మాత్రం తప్పదు. మొన్న పిల్లాడు బొచ్చె చేప కోసం వెళ్ళాలంటున్నాడని చెప్పాను.

"ముద్ద సిద్ధం చేసినారా? తవుడేనా, చెక్క కలిపినారా?"

"రెండూ కలిపాం మామా. దూది కూడా."

"సరే. వాడికి ఫోనియ్యి." స్పీకర్ పెట్టాను. "అబ్బీ, బొచ్చె అడుగున మేసేది కాదురా, పైపైన తిరగతాది. బెండుని కొక్కెం దగ్గరికి జార్చు, మూరెడు లోతు చాలు. గాలి ఏ పక్కకి కొడతా ఉందో చూసి, ఆ ఒడ్డున ఏసుకో. మేత కొట్టుకొచ్చేది ఆడికే."

పిల్లాడు లేచి వెళ్ళి, కిటికీ తెరిచి, గాలి ఎటు వీస్తోందో చెయ్యి బయటపెట్టి చూస్తున్నాడు.